టీజే జీపుకి కేబుల్ షిఫ్టర్: ఆరేళ్లు వాడాక

రాంగ్లర్ టీజే (1997–2006) బండిలో ట్రాన్స్‌ఫర్ కేసుని (గేర్‌బాక్స్ శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె; ఇకపై ‘కేసు’) లివర్‌తో కలిపే కడ్డీలు పీకేసి, వాటి బదులు తీగతో పనిచేసే కేబుల్ షిఫ్టర్ వేసుకోవచ్చా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఈ సమీక్ష. నా బండి మాన్యువల్ గేర్లది, కేసు ఎన్‌వీ231 మోడల్, స్ప్రింగులు 4 అంగుళాలు లేపినవి. వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ అదురు తగ్గడానికి కేసుని మోసే అడుగు ప్లేటుకీ ఛాసిస్‌కీ మధ్య 1 అంగుళం స్పేసర్లు ఉన్నాయి. ఒక్క మాటలో చెప్పాలంటే వస్తువు మంచిదే. కానీ సెట్టింగు తప్పితే, కడ్డీలే నయమనిపించేంత విసిగిస్తుంది.

ఇండియాలో జిప్సీ నడిపినవాళ్లకి ఈ గొడవే తెలియదు. దాని లివర్ నేరుగా కేసు మీదే కూర్చుంటుంది. టీజేలో లివర్ బాడీ ఫ్లోరుకి ఉంటుంది, కేసు కింద విడిగా వేలాడుతుంది. రెండింటినీ కలిపే అడ్డకడ్డీకి ఒక కొస బాడీ మీద, ఇంకో కొస కేసు వైపు. బండి స్టాక్ ఎత్తులో ఉన్నంతకాలం ఇబ్బంది ఉండదు. కేసు ఒక అంగుళం దిగిందా, కోణాలన్నీ మారిపోతాయి. బండి రాళ్ల మీద మెలి తిరిగినప్పుడు బాడీ ఒకవైపు, కేసు ఒకవైపు కదిలి, ఎవరూ ముట్టుకోకుండానే లివర్ 4ఎల్ (నాలుగు చక్రాలూ లాగే తక్కువ వేగపు గేరు) నుంచి న్యూట్రల్‌లోకి జారుతుంది. దిగుడులో జరిగితే ఇంజిన్ పట్టు పూర్తిగా పోతుంది, ఇక బ్రేకులే గతి.

కేబుల్లో ఈ బాధ ఉండదు. తొడుగు రెండు కొసలా బిగించి ఉంటుంది కాబట్టి మధ్యలో అది ఎటు ఊగినా లోపలి తీగకి పట్టదు. ఒకటే షరతు: కేసు వైపు తొడుగుని పట్టే బ్రాకెట్ కేసుకే బిగించాలి. దాన్ని ఛాసిస్‌కి బిగిస్తే పాత రోగమే కొత్త వేషంలో వస్తుంది. ఆ బ్రాకెట్ రేకు పల్చగా ఉంటే కూడా పని చెడుతుంది. లివర్ నొక్కినప్పుడు బ్రాకెట్ వంగి, తీగ నడవాల్సిన దూరంలో రెండు మూడు మిల్లీమీటర్లు తినేస్తుంది.

ఇక సెట్టింగు. చాలామంది పైన లివర్ చూసుకుంటూ కొలత పెడతారు, తప్పంతా అక్కడే. కేసు లోపల స్ప్రింగుతో ఒత్తుకుని ఉండే చిన్న ముక్క ఒకటి ఉంటుంది. లివర్‌తో పాటు లోపల తిరిగే సెక్టర్ ప్లేటు మీద ఒక్కో స్థానానికి ఒక్కో గాడి. ఆ ముక్క గాడిలో పూర్తిగా కూర్చుంటేనే గేరు పడ్డట్టు. పైన లివర్ ఎక్కడుందన్నది దాని తర్వాతి మాట. డాష్‌లో ఫోర్ వీల్ లైటు వెలగడం కూడా పూర్తి సాక్ష్యం కాదు.

ముందుగా సమతలం మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, ముందూ వెనకా చక్రాలకి అడ్డు పెట్టాలి. కేసు న్యూట్రల్‌లోకి వెళ్తే గేర్‌బాక్స్ గేరులో ఉన్నా బండి దొర్లుతుంది. ఆటోమేటిక్ అయితే పార్క్ కూడా ఆపదు. కింద పడుకున్న మనిషి మరిచిపోకూడనిది ఇదే.

కేసు లివర్ (కేసు పక్కనుండే చిన్న లివర్) నుంచి రాడ్ ఎండ్ (తీగ కొసకి మరతో ఎక్కించిన రంధ్రం ముక్క) ఊడదీసి, కేసు లివర్‌ని చేత్తో 2హెచ్ (రెండు చక్రాలే లాగేది), 4హెచ్ (నాలుగు చక్రాలూ, మామూలు వేగం), న్యూట్రల్, 4ఎల్ అనే నాలుగు స్థానాల్లోకీ తిప్పి చూడాలి. నాలుగు ‘టక్’లు స్పష్టంగా తెలియాలి. ఇక్కడే బిగుసుకుంటే తప్పు కేబుల్‌ది కాదు. తారు రోడ్డు మీద 4హెచ్‌లో తిరిగి బిగుసుకుని ఉంటుంది, నాలుగు గజాలు వెనక్కి తోలితే వదులుతుంది. లేదంటే లోపల పళ్లు ఎదురెదురుగా నిలిచి ఉంటాయి, షాఫ్ట్‌ని కాస్త తిప్పితే పడుతుంది.

తర్వాత కేసు లివర్‌ని 4ఎల్ గాడిలో కూర్చోబెట్టాలి. పైన లివర్‌ని కూడా 4ఎల్ వైపు పెట్టి, ఫ్లోరు కోత అంచుకి 5–6 మి.మీ. ఖాళీ వదలాలి. ఇప్పుడు రాడ్ ఎండ్ రంధ్రం కేసు లివర్ రంధ్రానికి ఎదురుగా రావాలి. బోల్టు వేలితో నెడితే దిగాలి. సుత్తి కావాల్సి వచ్చిందంటే తీగ బిగిలో ఉన్నట్టే. ఆ బిగి రోజంతా కేసు లోపల గేర్లని జరిపే ఫోర్కు మీద పడి దాని ప్లాస్టిక్ ప్యాడ్లని అరగదీస్తుంది.

పెద్ద తేడాని బ్రాకెట్ దగ్గర తొడుగు మీదున్న రెండు నట్లతో సరిచేయాలి, చిన్న తేడాని రాడ్ ఎండ్‌తో. నా కేబుల్ మర 1/4-28, అంటే రాడ్ ఎండ్ ఒక పూర్తి చుట్టు తిరిగితే 0.9 మి.మీ. నేను సగం చుట్టు చొప్పున మారుస్తాను. ఎంత వెనక్కి విప్పినా కనీసం 10 మి.మీ. మర రాడ్ ఎండ్ లోపలే ఉండాలి. లాక్ నట్ బిగించేటప్పుడు 7/16 పానాతో నట్టు, రెండో పానాతో రాడ్ ఎండ్ పట్టుకోవాలి. ఒక్క పానాతో బిగిస్తే తీగ మెలిపడుతుంది.

4ఎల్ కుదిరాక 2హెచ్ చూడాలి. అక్కడ గాడి అందకపోతే రాడ్ ఎండ్‌ని ఎంత తిప్పినా లాభం లేదు, తీగ నడిచే దూరమే చాలట్లేదని అర్థం. పైన లివర్ కింది భాగంలో, ఆ లివర్ తిరిగే ఇరుసుకి దూరంగా ఉన్న రంధ్రానికి తీగ మార్చాలి. లివర్ కాస్త బరువెక్కుతుంది, దూరం పెరుగుతుంది.

ఆరేళ్లలో చెడినవి: కేసు వైపు రబ్బరు బూటు రెండుసార్లు చిరిగింది, లాక్ నట్ ఒకసారి వదులైంది. బూటు చిరిగితే బురదనీళ్లు తొడుగులోకి దిగుతాయి, చలికాలం గడ్డకట్టి పొద్దున్నే లివర్ కదలదు. కేబుల్ వంపుని ఎక్కడా 20 సెం.మీ. వ్యాసార్ధం కంటే తగ్గనివ్వను. సైలెన్సర్ గొట్టానికి జానెడు దూరం తప్పనిసరి, వేడికి లోపలి ప్లాస్టిక్ గొట్టం మెత్తబడితే తీగ ఈడుస్తుంది. సీల్డ్ కేబుల్లోకి స్ప్రే నూనెలు కొట్టకండి, ఉన్న గ్రీజు కడుక్కుపోతుంది.

నచ్చనిది ఒకటే. కడ్డీల్లో చేతికి తెలిసే ‘టక్’ కేబుల్లో మెత్తగా ఉంటుంది. గేరు పడిందో లేదో మొదటి నెలంతా అనుమానమే. 4ఎల్ వేసేటప్పుడు క్లచ్ తొక్కి, బండి గంటకి 3–5 కి.మీ. వేగంలో దొర్లుతుండగా, న్యూట్రల్ దగ్గర ఆగకుండా ఒకే ఊపున లాగితే తేడా బాగా తగ్గుతుంది.

బండి లేపనివాళ్లకి ఇది దండగ ఖర్చు. కేసు 4ఎల్‌లో ఉండగా ట్రనియన్ (పాత కడ్డీ దూరి జారే ముక్క) లాక్ బోల్టు వదులు చేసి, కడ్డీ అందులో స్వేచ్ఛగా జారుతోందో లేదో చూసి, కేసు లివర్ గాడిలో ఉండగానే మళ్లీ బిగిస్తే చాలు.