నాలుగు దారాల గాలిపటం: గుడ్డ మీరే కుట్టుకోండి, దారాలు మాత్రం మంచివి కొనండి

ముందే చెప్పేస్తున్నా, ఈ గాలిపటం నాకు విపరీతంగా నచ్చింది. సంక్రాంతికి డాబా ఎక్కి పేంచ్‌లు వేసినవాళ్లకి ఇది పూర్తిగా వేరే ఆట. ఇక్కడ ఎవరి పతంగినీ కోసేది లేదు. గాలిలో ఉన్నచోటే ఆపొచ్చు, అక్కడే గిర్రున తిప్పొచ్చు, వెనక్కి నడిపించొచ్చు, చెయ్యి కుదిరితే తలకిందులుగా నేలకి జానెడు ఎత్తులో నిలబెట్టొచ్చు.

డిజైన్ రెవల్యూషన్ అనే గాలిపటాల కంపెనీ వాళ్లది, శాన్ డియేగోలో హాడ్జికీ అన్నదమ్ములు 1980ల చివర్లో తెచ్చింది. కంపెనీది కొనాలంటే వందల డాలర్లు, అందుకే అదే పద్ధతిలో ఇంట్లో చేసుకున్నా. సైజు వాళ్ల 1.5 మోడల్ లాంటిదే, ఈ చివర నుంచి ఆ చివరికి ఎనిమిది అడుగులకి కాస్త తక్కువ.

గుడ్డకి ఐకరెక్స్ అనే పల్చటి గాలిపటాల గుడ్డ తీసుకోండి, దానికి ఫుల్ మార్కులు. పాలిస్టర్ కాబట్టి సముద్రపు గాలి తేమకి సాగదు, నైలాన్ అయితే తడి పీల్చి వదులవుతుంది. కత్తెర వద్దు, అద్దం మీద పరిచి సన్న మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్‌తో గీస్తే అంచు అక్కడికక్కడే కరిగి మూసుకుపోతుంది, ఒక్క పోగు కూడా ఊడదు. కుట్టేటప్పుడు మాత్రం జారిపోతూ ప్రాణం తీస్తుంది, సన్నటి డబుల్ సైడ్ టేప్‌తో ముందు అతికించి ఆ పైన జిగ్‌జాగ్ కుట్టు వేస్తే ఇంట్లో ఉన్న మామూలు కుట్టు మిషనే చాలు. పై అంచు కింద జాలీ (దోమతెర లాంటి గుడ్డ) పట్టీ వేయడం మానొద్దు, వెనక్కి నడిపేటప్పుడు గాలి దాంట్లోంచి దూరి వెళ్లాలి.

పుల్లలు బోలు కార్బన్‌వే కొనండి. పై అంచుకి మూడు ముక్కలు, నిలువుగా రెండు. గట్టి ఫైబర్‌గ్లాస్ పుల్లలు చవకే, కానీ ఆ బరువుకి తక్కువ గాలిలో పటం లేవదు. కార్బన్ కోసేటప్పుడు టేప్ చుట్టి సన్న పళ్ల రంపంతో కోయండి, మాస్క్ తప్పనిసరి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

ఇప్పుడు అసలు గొడవ, దారాలు. ఒక ఆన్‌లైన్ దుకాణంలో నాలుగూ సమానంగా కట్ చేసి ఇస్తాం అంటే 120 అడుగుల సెట్ తెప్పించా. నేలలో మేకు కొట్టి నాలుగూ దానికే తగిలించి లాగి చూస్తే అందులో ఒక దారం రెండు అంగుళాలు పొడుగుంది! మామూలు గాలిపటానికైతే ఎవరూ పట్టించుకోరు, దీనికి మాత్రం రెండు అంగుళాలంటే పటం అస్తమానం ఒక పక్కకే తిరుగుతుంది, ఎగరేసేవాడు తన చెయ్యే బాగాలేదనుకుని నెలల తరబడి బాధపడతాడు. మెయిల్ పెడితే వాడుతుంటే అదే సర్దుకుంటుందని జవాబు. సర్దుకోదు. వేరే దగ్గర స్పెక్ట్రా అనే గట్టి దారం మంచి సెట్ కొన్నా, 90 పౌండ్ల లాగుడు తట్టుకునేది. దాన్ని కూడా బాగా లాగి సాగదీశాకే కొలిచి ముడులు వేశా. ఈ దారం ఎంత నున్నగా ఉంటుందంటే నాలుగూ కొన్ని మెలికలు పడ్డా పటం మాట వింటూనే ఉంటుంది. మాంజా కాదు కదా అని తేలిగ్గా తీసుకోకండి, బిగుతుగా ఉన్నప్పుడు ఇదీ చర్మం కోస్తుంది, మనుషులు నడిచే వైపు ఎగరేయొద్దు.

చేతికొక హ్యాండిల్, దాని పై కొసకొక దారం, కింది కొసకొక దారం. హ్యాండిల్ పై కొసకి కట్టే తాడుకి వరసగా ముడులు వేసి ఉంచుకోండి. పై దారాన్ని ఒక్కో ముడి బయటికి జరిపే కొద్దీ పటం ఆపడం, వెనక్కి నడపడం తేలికవుతుంది, మరీ ఎక్కువ జరిపితే అసలు పైకి లేవదు. ముందుకు పోవాలంటే బొటనవేళ్లు, అంటే హ్యాండిల్ పై కొసలు, మీ వైపు, వెనక్కి రావాలంటే హ్యాండిల్ కింది కొసలు మీ వైపు. ఒక చెయ్యి అలా, ఇంకో చెయ్యి ఇలా చేస్తే ఉన్నచోటే చక్రం తిరుగుతుంది. చేతులు పెద్దగా ఊపక్కర్లేదు, మణికట్టు చాలు.

శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉన్నవాళ్లు ఎండాకాలం మధ్యాహ్నాలు బర్క్‌లీ మెరీనాకి వెళ్లండి. గోల్డెన్ గేట్ వైపు నుంచి నీళ్ల మీదుగా వచ్చే గాలి ఒకే తీరుగా ఉంటుంది, చెట్ల వెనకా బిల్డింగుల మధ్యా ఎగరేస్తే నేర్చుకోవడం అనవసరంగా కష్టం. సాయంత్రం దగ్గరపడేకొద్దీ గాలి బాగా పెరిగితే ఈ నిండు గుడ్డ పటం చేతుల్ని లాగేస్తుంది, అప్పటికి జాలీ ఎక్కువ ఉన్న ఇంకో పటం కావాలి. నేను తర్వాత కుట్టబోయేది అదే, గుడ్డ కొనేశా.