పాత ఇంటి డ్రైనేజీ లైన్ మొత్తం మార్చాం: ఏడేళ్లు వాడాక నా సమీక్ష

హైదరాబాద్ విద్యానగర్‌లో మాది 1980ల నాటి ఇల్లు. కింద మేం ఉంటాం, పైన అద్దెకున్నవాళ్లు. 2018 వేసవిలో వెనక బాత్‌రూమ్ నుంచి వీధిలోని మ్యాన్‌హోల్ దాకా ఉన్న డ్రైనేజీ లైన్ మొత్తం తీసేసి కొత్తది వేయించాం. పాతవి స్టోన్‌వేర్ పైపులు. మేస్త్రీలు వాటిని మట్టి పైపులనే అంటారు. వాటి చోట భూమిలో వేయడానికే తయారయ్యే ఇటుక రంగు పీవీసీ పైపులు వచ్చాయి. ఇన్ని వానాకాలాలు చూశాక డబ్బు వృథా కాలేదని గట్టిగా చెప్పగలను. అయితే షాపులో అందరూ పైపు కంపెనీ గురించే మాట్లాడతారు. మా పని నిలబడడానికి కారణం వాలు, పైపు కింద వేసిన పరుపు, ఛాంబర్లు (లైన్లో అక్కడక్కడా మూత తీసి చూడడానికి, శుభ్రం చేయడానికి కట్టే తొట్టెలు). వీటి గురించి ముందే చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

తవ్వి చూస్తే పాత పైపులు చాలావరకు చెక్కుచెదరలేదు. కాల్చేటప్పుడు ఉప్పు వేసి గాజు పూత తెప్పించిన మట్టి అది, మురుగుకీ యాసిడ్‌కీ అంత తేలిగ్గా లొంగదు. పాడైనవి అతుకులు. ఆ పైపు ఒక్కొక్కటి సుమారు రెండడుగులే ఉంటుంది. అంటే అరవై అడుగుల లైన్లో ముప్పై దాకా అతుకులు, ప్రతి అతుకూ జనపనార తాడు చుట్టి సిమెంటు పూసిందే. బాత్‌రూమ్ కడగడానికి వాడే యాసిడ్ ఏళ్ల తరబడి ఆ సిమెంటును తినేసింది. తేమ బయటికి రాగానే ప్రహరీ పక్కనున్న వేపచెట్టు వేళ్లు వెతుక్కుంటూ వచ్చాయి. వెంట్రుకంత సందులో దూరిన వేరు లోపల కొబ్బరి పీచులా అల్లుకుని పైపు సగం మూసేసింది. కారిన నీటికి కింది మట్టి కొట్టుకుపోయి, కారు పెట్టే చోట లైను కుంగింది. కుంగిన చోట మురుగు ఎప్పుడూ నిలిచే ఉండేది. అందుకే ఎన్నిసార్లు వెదురు బద్ద పెట్టి పొడిపించినా, కొన్నాళ్లకే మళ్లీ జామ్ అయ్యేది.

వాసన, బొద్దింకలు, గోడకు చెమ్మ ఇవన్నీ సరే, మాకు అసలు టెన్షన్ సంపు గురించి. పాత ఇళ్లలో స్థలం తక్కువ కదా, మంచినీటి సంపుకీ డ్రైనేజీ లైనుకీ మధ్య నాలుగడుగులు కూడా లేదు. సంపు గోడలో సన్నని పగులు ఉంటే చాలు, కారిన మురుగు అందులోకి చేరుతుంది. నల్లా పైపుకి ఇంకో ప్రమాదం ఉంది. మనకి నల్లా రోజంతా రాదు. నీళ్లు ఆగిన వేళ పైపులో ఒత్తిడి ఉండదు. అప్పుడు దాని అతుకుల్లో ఎక్కడైనా సందుంటే చుట్టూ ఉన్న మురికి నీరు లోపలికి లాక్కుంటుంది. ఇంట్లో చిన్నపిల్లలకు తరచూ విరేచనాలవుతుంటే హోటల్ తిండిని తిట్టే ముందు సంపు పక్కన ఏ లైను పోతోందో చూడండి.

లైను కారుతోందని తేల్చుకోవడానికి ఖరీదైన పరీక్షలేవీ చేయించలేదు. ప్లంబర్ కమోడ్‌లో ముదురు రంగు కలిపిన నీళ్లు పోయించి కింది ఛాంబర్ దగ్గర నిలబడ్డాడు. బకెట్ల కొద్దీ పోసినా సన్నని ధారే వచ్చింది. తర్వాత ఒక ఛాంబర్‌లో టార్చి వెలిగించి, రెండో ఛాంబర్‌లో అద్దం ఏటవాలుగా పట్టుకుని చూపించాడు. లైను తిన్నగా ఉంటే అద్దంలో వెలుగు నిండు గుండ్రంగా కనబడాలి. మాకు చీకటే కనబడింది. ఇప్పుడు కెమెరా పంపి చూసేవాళ్లు నగరంలో దొరుకుతున్నారు. పైన గ్రానైటో టైల్సో ఉన్నవాళ్లు ముందు కెమెరా పెట్టించడమే మంచిది. ఎక్కడ తవ్వాలో తెలిస్తే నేల మొత్తం పగలగొట్టక్కర్లేదు.

తవ్వకుండా అయ్యే దారి లేదా అని నేనూ అడిగాను. మా పెదనాన్నగారి అబ్బాయి న్యూజెర్సీలో 1950ల నాటి ఇల్లు కొన్నాడు. అక్కడ కూడా మట్టి పైపే, మేపుల్ చెట్టు వేళ్లతో నిండిపోయింది. అక్కడ చాలా ఊళ్లలో ఇంటి నుంచి వీధి లైను దాకా ఉన్న పైపు ఇంటివాళ్ల బాధ్యతే. వాళ్లు లైనింగ్ చేయించారు. అంటే రెజిన్‌లో తడిపిన మెత్తని గొట్టాన్ని పాత పైపులోకి పంపి, గాలితోనో నీటితోనో ఉబ్బించి, వేడితో గట్టిపరుస్తారు. పాత పైపు లోపల అతుకుల్లేని కొత్త పైపు తయారవుతుంది. ఎరిక్ వుడ్ అనే ఇంజనీరు 1971లో లండన్‌లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. చెట్లూ డ్రైవ్‌వేలూ పాడుకాకూడదు అనుకునే చోట చాలా మంచి పని. కానీ ఫోన్‌లో అన్నయ్య చెప్పిన మాటతో నా సందేహం తీరిపోయింది: "పైపు కుంగి ఉంటే లైనింగ్ వేసి లాభం లేదురా. పల్లం పల్లంగానే ఉండిపోతుంది." మాది కుంగిన లైను. తవ్వక తప్పలేదు.

ఇక పని సంగతి. మేస్త్రీ పాలమూరు మనిషి. మొదటి రోజు ఇంట్లో గడ్డపార పట్టుకోనే లేదు. "ముందుగాల రోడ్డు మీది మ్యాన్‌హోల్ లోతు చూడాలె సార్, ఆడికెళ్లి ఎనుకకు రావాలె" అన్నాడు. ఆ ఒక్క మాట విని ఈయనకే పని ఇవ్వాలని నిర్ణయించుకున్నాను. చివర ఎంత లోతుకి కలపాలో తెలిస్తేనే మొదలు ఎంత లోతులో ఉండాలో తేలుతుంది. నాలుగంగుళాల పైపుకి నలభై అడుగులకు ఒక అడుగు, ఆరంగుళాల పైపుకి అరవై అడుగులకు ఒక అడుగు వాలు ఇవ్వడం పాత లెక్క. మా మెయిన్ లైను ఆరంగుళాలది, పొడవు అరవై అడుగులకు కాస్త ఎక్కువ. కాబట్టి వెనక బాత్‌రూమ్ దగ్గర కంటే గేటు దగ్గర అడుగు పైచిలుకు లోతు వచ్చింది. వాలు తగ్గితే మలం అడుగున పేరుకుంటుందని అందరికీ తెలుసు. వాలు మరీ ఎక్కువైతే నీళ్లు చకచకా పారిపోయి గట్టి పదార్థం వెనక మిగిలిపోతుందని కూడా ప్లంబర్లు చెబుతారు. మేస్త్రీ నీళ్ల ట్యూబు పెట్టి ప్రతి పైపుకీ మట్టం చూసుకుంటూ వెళ్లాడు. కంటి అంచనాతో వేసే మేస్త్రీకి ఈ పని ఇవ్వకండి.

తవ్విన కాలువ అడుగున రాళ్లు ఏరి, నాలుగంగుళాల మందాన ఇసుక పరిచారు. పైపు మూతి వెడల్పుగా ఉండే చోట ఇసుక కొంచెం తవ్వి గుంట చేశారు. అప్పుడే పైపు పొడవంతా ఇసుక మీద ఆనుతుంది, లేకపోతే మూతుల మీదే బరువు నిలుస్తుంది. పక్కలా పైనా మళ్లీ ఇసుకే. తవ్వి తీసిన మొరం, రాళ్లు దాని మీదే పడ్డాయి. కారు నిలిచే చోట పైపు చుట్టూ కాంక్రీటు పోశారు. గుంటూరు, ప్రకాశం వైపు నల్లరేగడి నేలల్లో ఈ పరుపు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఆ మట్టి వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది, దాంతోపాటు పైపునీ కదిలిస్తుంది.

పైపు గురించి ఒక్క మాట. గోడకు బిగించే ఎస్‌డబ్ల్యూఆర్ పైపు (మలం, వాడిన నీరు, వాన నీరు కిందికి దింపేది) వేరు, భూమిలో వేసేది వేరు. మొదటిదాని మీద ఐఎస్ 13592 అని, రెండోదాని మీద ఐఎస్ 15328 అని ముద్ర ఉంటుంది. భూమిలోదానికి ఎస్ఎన్2, ఎస్ఎన్4, ఎస్ఎన్8 అని గట్టిదనం తరగతులు కూడా ఉంటాయి. మేం ఎస్ఎన్4 తీసుకున్నాం. అతుకులు రబ్బరు రింగువి. గోడ పైపులే భూమిలోనూ వేసేస్తే చవక అని షాపులో చెప్పారు, ఒప్పుకోలేదు.

పూడ్చే ముందు మళ్లీ అద్దం పరీక్ష చేయించాను. చివర మూతికి గాలి నింపే రబ్బరు బెలూన్ అడ్డుగా బిగించి, లైను నిండా నీళ్లు నింపి రాత్రంతా ఉంచాం. పొద్దున చూస్తే మట్టం దిగలేదు. పూడ్చాక పరీక్షిస్తామనే వాళ్లను అస్సలు నమ్మకండి.

వాడకంలో తేలింది చెబుతాను. పైపుల వరకు ఇప్పటిదాకా ఒక్క ఫిర్యాదు లేదు. వేప వేరు లోపలికి రాలేదు. 2022లో అనుమానం తీర్చుకుందామని కెమెరా పెట్టించి చూస్తే రింగులు గట్టిగానే ఉన్నాయి, నీరు ఎక్కడా నిలవలేదు.

ఛాంబర్లకు మాత్రం అన్ని మార్కులు వేయలేను. ఇటుకతో కట్టి లోపల సిమెంటు పూసినవి కదా, మూడేళ్లకే ఒకదాని పూత పెచ్చులూడింది. వేరు అక్కడి నుంచి తల పెట్టింది, మళ్లీ పూత పూయించాం. కాంక్రీటు మూతల అడుగు భాగం కూడా పొడిపొడిగా రాలింది. మురుగులోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ మూత అడుగున చెమ్మలో ఆమ్లంగా మారి సిమెంటును తింటుంది, లోపలి ఇనుము తుప్పు పడుతుంది. వాటి బదులు ఫైబర్ మూతలు వేయించాం. బరువు తక్కువ, అమ్మ కూడా పక్కకు జరపగలదు. ఈ రోజు మొదలుపెడితే ఇటుక ఛాంబర్లు కట్టించను, రెడీమేడ్ ప్లాస్టిక్ ఛాంబర్లు దించుతాను. ఇటుకవే కట్టుకునేవాళ్లు అడుగున చదునుగా వదిలేయకుండా పైపు సగం ఆకారంలో కాలువ చేయించి, రెండు పక్కలా ఏటవాలుగా సిమెంటు పోయించండి. చదును ఛాంబర్‌లో చెత్త గూడు కడుతుంది.

మా వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తీయకుండా పైనే వేశారు. దాంతో ఇళ్లు పల్లంలో పడ్డాయి. పెద్ద వాన పడి మెయిన్ లైను నిండితే మురుగు వెనక్కి తన్ని కింది అంతస్తు బాత్‌రూముల్లో పొంగుతుంది. అందుకే గేటు దగ్గరి ఛాంబర్‌లో నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించాం. మురుగు బయటికి పోనిచ్చి, వెనక్కి తన్నితే మూసుకునే చిన్న తలుపు అది. 2020 అక్టోబర్ 13 రాత్రి నగరం మునిగినప్పుడు దాని విలువ తెలిసింది. చుట్టుపక్కల ఇళ్లలో నహానీ ట్రాప్‌ల (బాత్‌రూమ్ నేలలో నీళ్లు పోయే జాలీల) నుంచి మురుగు పైకి వచ్చింది, మా ఇంట్లో రాలేదు. కానీ అది రెండువైపులా అడ్డమే: బయటిది లోపలికి రానప్పుడు మనదీ బయటికి పోదు. ఆ రాత్రి పైన అద్దెకున్నవాళ్లకు ఫోన్ చేసి నీళ్లు పోయొద్దని బతిమాలుకున్నాం. వాల్వ్ తలుపులో జుట్టు, గుడ్డపీలికలు ఇరుక్కుంటే మూసుకోదు కాబట్టి వానలకు ముందు తప్పకుండా తీసి కడిగిస్తాం. ఆ వానకు ఛాంబర్లు నిండకపోవడానికి ఇంకో కారణం, డాబా వాన నీళ్ల పైపును డ్రైనేజీ నుంచి విడదీసి ఇంకుడు గుంతకు మళ్లించడం. పాత ఇళ్లలో ఈ రెండూ కలిసే ఉంటాయి. లైను మార్చినా మార్చకపోయినా ముందు ఈ పని చేయించండి.

వంటింటి లైనుకి విడిగా గల్లీ ట్రాప్ (వాసన వెనక్కి రాకుండా నీళ్లు నిలిచి ఉండే బయటి తొట్టె), జాలీ పెట్టించాం. నూనె సింకులో పోయకూడదన్నది ఇంట్లో నియమం. అంతకుమించి చెప్పడానికి అక్కడేం లేదు.

నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన మార్పు వేరే ఉంది. పాత లైను జామ్ అయినప్పుడల్లా ఎవరో ఒక మనిషి వచ్చి, నడుం దాకా ఛాంబర్‌లో దిగి, చేత్తో తోడేవాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నా అది నాకు అలవాటు కాలేదు. మురుగులోని హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది, ప్రమాదమని తెలిసేలోపే మనిషి పడిపోతాడు. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనుషులను దించడం 2013 చట్టం ప్రకారం నేరం. ఆ నిషేధం ఇంటి యజమానికీ వర్తిస్తుంది. తెలుగు కుటుంబంలో కోలార్ గనుల దగ్గర పుట్టిన బెజవాడ విల్సన్ లాంటివాళ్లు దశాబ్దాల తరబడి పోరాడితే వచ్చిన చట్టం అది. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు, ఇలా చనిపోయినవారి కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. చనిపోకుండా చూడడం మన చేతిలో ఉన్న పని. సందుల్లోకి వెళ్లి, నీటిని గట్టి ఒత్తిడితో కొట్టి లైను శుభ్రం చేసే చిన్న జెట్టింగ్ యంత్రాలను హైదరాబాద్ జలమండలి 2017లో తెచ్చింది. మ్యాన్‌హోల్ వైపు సమస్య ఉంటే ఫిర్యాదు చేసి యంత్రమే రావాలని పట్టుబట్టండి. కొత్త లైను వేశాక మా ఇంట్లో ఎవరూ ఛాంబర్‌లో దిగాల్సిన అవసరం రాలేదు. దూరం దూరంగా కాకుండా ప్రతి మలుపు దగ్గరా ఛాంబర్ పెట్టించాం కాబట్టి పైనుంచే రాడ్ పంపి శుభ్రం చేయొచ్చు.

ఖర్చు మొత్తం లక్ష దాటింది. అందులో పైపుల వాటా మూడో వంతు కూడా కాదు, మిగతాదంతా తవ్వకం, ఇసుక, ఛాంబర్లు, నేల మళ్లీ వేయించడం. రోడ్డు తవ్వడానికి అనుమతి, మ్యాన్‌హోల్‌కి కలపడం అధికారికంగానే చేయించాం, దానికి సమయం పడుతుంది. వానలు మొదలవక ముందే అర్జీ పెట్టుకోండి. ఒకటి రెండు అతుకులే పోయి, లైను కుంగకుండా ఉంటే ఆ ముక్క మార్చుకుంటే సరిపోతుంది. కుంగినా, సంపు పక్కనుంచి పోతున్నా ముక్కల రిపేర్లు ఆపి మొత్తం మార్చేయండి. పూడ్చే ముందు ప్రతి మలుపుకీ గోడ నుంచి దూరం కొలిచి, ఫోటోలు తీసి దాచుకోండి. గత ఏడాది బోరు పైపు మార్చినప్పుడు గడ్డపార ఎక్కడ వేయకూడదో మాకు చెప్పింది ఆ ఫోటోలే.