వంగే స్క్రీన్, గార్గేయపురం చెరువు బురద

ఈ కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో, సెకనుకు ఎన్ని ఫొటోలు తీస్తుందో కొన్నవాళ్లందరికీ తెలుసు. ఐదు చలికాలాలు వాడాక నాకు చెప్పాలనిపించేది ఒక్కదాని గురించే: వెనకనున్న వంగే స్క్రీన్. దాని కోసమే ఈ డీఎస్‌ఎల్‌ఆర్ కొన్నాను, దాని వల్లే తల పట్టుకున్నాను. కంపెనీ పేరు రాయను. వాళ్లతో నాకు ఇంకా పని పడుతుంది.

నీళ్ల మీది బాతును కట్టమీద నిలబడి తీస్తే వీపు పడుతుంది, చుట్టూ నీళ్లు పడతాయి, అంతే. గుడ్డమీద బాతు బొమ్మ అతికించినట్టు ఉంటుంది. కెమెరాను నీటికి జానెడు ఎత్తుకు దించితే అదే బాతు ఇంకోలా ఉంటుంది. దాని కన్ను మన కంటికి ఎదురుగా వస్తుంది. వెనకున్న గట్టు ఎక్కడో దూరాన మసకైపోతుంది. కింద నీడ తలకిందులుగా తేలుతుంది. కానీ జానెడు ఎత్తులో వ్యూఫైండర్‌కు, అంటే కెమెరా వెనక చూసే కిటికీకి, కన్ను ఆనించాలంటే బురదలో బోర్లా పడుకోవాలి. నాకు యాభై దాటాయి, మెడ నొప్పి పాతది. కెమెరాను ఇసుక సంచి మీద పెట్టి, స్క్రీన్ పైకి వంచుకుని, గొంతుక్కూర్చుని తీయొచ్చని తెలిశాక ఇక ఆగలేదు.

మొదటి రెండేళ్లు పండగే. కర్నూలు దగ్గర తుంగభద్ర మీదున్న సుంకేసుల బ్యారేజీలో చుక్కమూతి బాతులు తల నీళ్లలో ముంచి తోక పైకెత్తి మేస్తుంటే, వాటి ముక్కు చివరి పసుపు కూడా తేటగా పట్టింది. ఆఫీసులో ఇద్దరితో ఇదే మోడల్ కొనిపించాను. కళ్లు మూసుకుని కొనమన్నాను. ఇప్పుడైతే ఒక కన్ను తెరిచి కొనమంటాను. ఎండ ఎక్కాక ఆ స్క్రీన్‌లో బాతు కనపడదు, నా మొహమే కనపడుతుంది. నిలువు ఫొటోకు అది వంగే తీరు పనికిరాదు. స్క్రీన్ చూస్తూ తీసేటప్పుడు ఫోకస్ నిదానం. ఈదే బాతుకు సరిపోతుంది కానీ, లేచిన బాతుకు కాదు. అది ఎగిరిపోయాక వెనకున్న జమ్ముగడ్డి మాత్రం బ్రహ్మాండంగా పడుతుంది.

2024 జనవరిలో ఒక ఆదివారం తెల్లారకముందే కర్నూలు నుంచి నందికొట్కూరు రోడ్డు పట్టి గార్గేయపురం చెరువుకు పోయాను. చలికాలంలో అక్కడికి పట్టీతల బాతులు వస్తాయి, బార్ హెడెడ్ గూస్ అంటారే, అవి. తెల్లటి తల వెనక రెండు నల్ల పట్టీలుంటాయి. మంగోలియా, టిబెట్ వైపు సరస్సుల దగ్గర పిల్లలు చేసుకుని, హిమాలయాలు దాటి దిగుతాయి. రాత్రిళ్లు పొలాల్లో మేసి, పొద్దెక్కుతుండగా నీళ్ల మీదికి చేరతాయి. నేను ముందే పోయి ఒడ్డున సంచి పెట్టుకుని కాచుకున్నాను. గాలిలో బాతుల అరుపులు మొదలయ్యాయి, గుంపు దిగింది. స్క్రీన్ పైకి లాగాను. ఒకసారి మిణుక్కుమంది. నల్లబడింది.

మూశాను, తెరిచాను, బ్యాటరీ తీసి పెట్టాను. వెనక్కు నెట్టేస్తే వెలుగుతుంది, కాస్త వంచితే ఆరిపోతుంది. ఐదు నిమిషాలకు అదీ లేదు. అంతకు పదిరోజుల ముందు సుంకేసులలో ఒకసారి బొమ్మ వణికింది, చలికేమో అనుకున్నాను. కర్నూలు చలికి! లోపల కీలు గుండా పోయే సన్నటి రిబ్బన్ కేబుల్ ఉంటుందని, వంచీ వంచీ అది చీలుతుందని తర్వాత తెలిసింది.

ఇక చేసేదేముంది, పడుకున్నాను. మోచేతులు బురదలోకి దిగాయి. కెమెరా నెత్తిమీది చిన్న గాజుతెరలో సెట్టింగులు కనిపిస్తున్నాయి కాబట్టి షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతు పెట్టి, తెల్ల తలలు కాలిపోకుండా ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించాను. తీసింది చూసుకునే దారి లేదు, రీలు కాలం మాదిరి. ఎనుములు తోలుకుపోతున్న పెద్దాయన ఒకాయన ఆగి, "ఏమప్పా, ఆడ పండుకున్యావే, బాగలేదా?" అన్నాడు. బాతుల కోసమన్నాను. "ఊరికే పండుకో, ఎనుమనుకుంటాయి" అని పోయాడు.

ఆయన చెప్పినట్టే అయింది. నేను గొంతుక్కూర్చుంటే ఎప్పుడూ ఇవతలికి రాని బాతులు అరగంటలో నాలుగు దగ్గరికి ఈదుకుంటూ వచ్చాయి. స్క్రీన్ పనిచేసి ఉంటే ప్రతి పది ఫొటోలకోసారి తల దించి చూసుకునేవాణ్ణి. ఆ రోజు కన్ను తీయలేదు. వ్యూఫైండర్‌లో ఫోకస్ కూడా టక్కున పట్టింది. ఒకటి ముందుకు వంగి నీళ్లు తాగి తల ఎత్తినప్పుడు ముక్కు నుంచి చుక్క రాలుతున్న ఫొటో, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూసుకున్నాక, ఐదేళ్లలో నా చేతి మీదుగా వచ్చిన మంచి ఫొటో అదేననిపించింది. మెడ మాత్రం మూడు రోజులు తిరగలేదు.

రిపేరుకు కెమెరాను హైదరాబాద్ పంపితే ఏడువేల చిల్లర అయింది, ఇరవయ్యారు రోజులు పట్టింది. ఆ ఖర్చు కన్నా నాకు ఆ రోజులే బాధ. కెమెరా తిరిగొచ్చి, నాకు ఆదివారం ఖాళీ దొరికేసరికి మార్చి వచ్చేసింది. చెరువులో నామాలకోళ్లు, బుడబుంగలు తప్ప పెద్దవేవీ మిగల్లేదు.

అయినా అమ్మేయలేదు. ఇప్పుడు స్క్రీన్‌ను ఉదయం ఒకసారి వంచి, ఇంటికెళ్లేదాకా అలాగే వదిలేస్తున్నాను. మెడ బాగున్న రోజు యూరియా సంచి పరిచి పడుకుంటున్నాను, బాగలేని రోజు స్క్రీనే గతి. లోపల అద్దం లేని కొత్తరకం కెమెరా, అదే మిర్రర్‌లెస్, కొనే స్తోమతున్నవాళ్లకూ, నడుములు గట్టిగా ఉన్న కుర్రాళ్లకూ ఈ మోడల్ కొనమని చెప్పలేను. నా వయసువాళ్లు, నాలాగా ఆదివారాలు మాత్రమే దొరికేవాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో చూస్తుంటే, డబ్బులిచ్చే ముందు స్క్రీన్ ఆన్ చేసి ఇరవైసార్లు పైకీ కిందికీ మెల్లగా ఆడించండి. సగంలో ఒక్కసారి మిణుక్కుమన్నా, ఆ ఏడువేలు ధరలో తగ్గించమని అడగండి.