గోపాలపూర్‌లో మూడు గదుల ఇల్లు, నా నాలుగు స్టార్లు

ఒడిశా తీరంలోని గోపాలపూర్‌లో లైట్‌హౌస్‌కి వెళ్లే దారిలో ఒక సందు. సరైన బోర్డు కూడా లేదు, గేటుకి కట్టిన రేకు ముక్క మీద ఒడియాలో, తెలుగులో ‘గదులు’ అని రాసి ఉంటుంది. ఆషాఢంలో మా ఆవిడ, మా అత్తగారు, నేను రెండు రాత్రులు అక్కడ దిగాం. పలాస నుంచి బరంపురం దాకా రైలు, అక్కణ్ణుంచి ఆటో. గది రోజుకి 1,400, పొద్దున్న టిఫిన్‌తో కలిపి. ఇంటావిడకి అరవై దాటి ఉంటాయి, తెలుగావిడే. పది నిమిషాలు తిరక్కుండానే మా అత్తగారు ఆవిణ్ణి ‘వదినా’ అనేశారు.

ముందు లోపాలు చెప్పేస్తాను. ఏసీ ఒక్క గదిలోనే ఉంది. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాను, లైటు తప్ప ఏమీ నడవవు. రెండోరాత్రి రెండు గంటలు పోయింది కూడా. గీజర్ ఉంది గానీ కుళాయి మరీ సన్నగా వస్తుంది, బకెట్ నిండేసరికి నీళ్లు చల్లారిపోతాయి. రాత్రి పదిన్నరకి గేటు వేసేస్తారు. మా గది గొళ్లెం బిగుసుకుపోతే ఇంటావిడ కొబ్బరినూనెలో ముంచిన కోడి ఈక తెచ్చి, సందుల్లో రాసి, నాలుగుసార్లు అటూఇటూ ఆడించి ఇచ్చారు. ఉప్పుగాలికి ఇక్కడ ఇనుము నిలవదు. ఏసీ బయటి పెట్టెకి మూడేళ్లకే చిల్లులు పడ్డాయట, అందుకే రెండోది కొనలేదు.

టిఫిన్‌కి వంక పెట్టలేను. మొదటిరోజు ఉప్మా, దానిమీద వేడివేడి ఘుగుని, అంటే బఠాణీల కూర. బరంపురం వైపు ఇది మామూలే. ఉప్మా పేరెత్తితే ముఖం చిట్లించే మా ఆవిడ రెండోసారి వడ్డించుకుంది. చేప కావాలంటే ముందురోజే చెప్పి డబ్బులివ్వాలి. తెల్లారి తెప్ప ఒడ్డుకి రాగానే ఆవిడే వెళ్లి తెస్తారు. ఇక్కడి జాలర్లూ తెలుగే మాట్లాడతారు కాబట్టి ఆ బేరం వినాలంటే మీరూ వెంట వెళ్లండి.

బేరం నేనూ ఆడాను. బీచ్ పక్కన ఒక పెద్ద హోటల్ ఆ వారం ఏసీ గది 1,300కే ఇస్తోందని ఫోన్ తీసి చూపించాను. ఆవిడకి కోపం రాలేదు. “ఆషాఢంలో తగ్గించి, దుర్గాపూజకి బెంగాలీలొచ్చినప్పుడు మూడింతలు లాగుతారు బాబూ. ఉన్న మూడు గదులకి నేనెంతని లాగను?” అన్నారు. ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను.

బుకింగ్ యాప్‌లో వచ్చిన ప్రతి వందకీ పద్దెనిమిది రూపాయలు కమిషన్ పోతోందట. పైగా ఉన్న రివ్యూలే పదకొండు. పోయినేడు ఎవరో టీవీ లేదని రెండు స్టార్లిచ్చి వెళ్తే, నెలరోజులు ఒక్క బుకింగూ రాలేదట. కాబట్టి నేరుగా ఫోన్ చేయండి. యాప్‌లో అయితే గది మీద 5 శాతం జీఎస్టీ కూడా పడుతుంది, ఏడాదికి రాబడి 20 లక్షలు దాటని ఇలాంటి ఇళ్లకి నేరుగా కడితే అది ఉండదు. కేంద్ర పర్యాటక శాఖ ఆరు గదుల దాకా ఉన్న ఇళ్లకి సిల్వర్, గోల్డ్ అని గుర్తింపు ఇస్తుంది. ఇంటావిడ కొడుకు దానికోసం తిరిగాడు గానీ, ఇల్లు ఇంకా చనిపోయిన ఆవిడ మామగారి పేరు మీదే ఉండటంతో ఆగిపోయాడు.

2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. వరండా పెంకులన్నీ ఆ రాత్రే పోయాయట. అప్పు చేసి స్లాబు వేయించి, ఆ అప్పు తీర్చడానికే గదులు అద్దెకివ్వడం మొదలుపెట్టారు.

ఒక స్టార్ తగ్గించింది కుళాయికే. బయల్దేరేటప్పుడు ఆవిడకి చెప్పాను కూడా. ప్లంబర్ బరంపురం నుంచి రావాలట, బుధవారం వస్తానన్నాడట. ఏ బుధవారమో అడగలేదు.