ఒట్ట చేతికొచ్చేసరికి రెండు వానాకాలాలు గడిచాయి

ఉద్యోగం కేరళలోని కోళిక్కోడ్‌లో. ఏడేళ్లుగా ఇంటి దగ్గరి కళరికి, అంటే కళరిపయట్టు అనే యుద్ధవిద్య నేర్పే శాలకి, వెళ్తున్నాను. మెయ్‌తారి (ఒంటి సాధన), కోల్‌తారి (కర్రలు), అంకత్తారి (కత్తి లాంటి లోహపు ఆయుధాలు), వెరుంకై (ఒట్టి చేతులు) అనే నాలుగు అంచెల గురించి ఎక్కడైనా చదువుకోవచ్చు. ఎవరికి పై పాఠం ఇవ్వాలో మా గురుక్కళ్ (గురువు) తేల్చే తీరు మాత్రం రాసి తీరాలనిపించింది.

ఇక్కడ బెల్టులు లేవు, పరీక్షలు లేవు. నాలుగో ఏట, మూడు జానల పొట్టి కర్ర, చెరువడి, నా చేతిలో చక్కగా తిరుగుతోంది. దాని తర్వాతిది ఒట్ట. వంపు తిరిగిన ఆ కర్ర మొన వెతికేది మర్మస్థానాలనే. నాకంటే ఏడాది వెనక చేరిన అబ్బాయికి ఒట్ట ఇచ్చారు, నాకు ఇవ్వలేదు. వాయ్‌త్తారి (కదలికలకు నోటితో ఇచ్చే ఆదేశాలు) చెబుతుంటే అడుగు తడబడేవాడికి ఇచ్చారే అని ఆ రాత్రంతా కుమిలిపోయాను.

తెల్లవారి అడిగేశాను. గురుక్కళ్ నాకు జవాబివ్వకుండా, రోజూ నాతో కర్ర కలిపే పదహారేళ్ల అమ్మాయిని పిలిచారు. ఇతనితో ఆడేటప్పుడు నీ చూపు ఎక్కడుంటుందని అడిగారు. “చేతి మీద” అంది. ఆ అబ్బాయితో అయితే? “కళ్ల మీద.”

కళరిలో చూపు ఎదుటివారి కళ్ల మీదే నిలవాలి. నా దెబ్బ ఎక్కడ ఆగుతుందో నమ్మకం లేక ఆ పిల్ల నా చేతికి కాపలా కాస్తోంది! నాలుగేళ్లలో నా వేగాన్ని నేను చూసుకున్నాను గానీ ఆమె చూపును ఒక్కసారీ చూడలేదు. అప్పటి నుంచి సగం వేగంతో మళ్లీ మొదలుపెట్టాను. రెండు వానాకాలాలు గడిచాక ఒక ఉదయం, ఏమీ అనకుండానే ఒట్ట చేతికిచ్చారు. అప్పటికి ఆమె నా కళ్లలోకి చూస్తోంది.

ఇంతకంటే న్యాయమైన పద్ధతి లేదని అప్పట్లో ఊరికి ఫోను చేసి చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా అనను. పనివేళలు మారుతుండటం వల్ల రోజుకొక జోడీతో ఆడే ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన గురించి నమ్మకంగా చెప్పగలిగేవారే లేరు, ఇంకా చెరువడి దగ్గరే ఉన్నారు. ఎంతకాలం ఆగాలో ఎవరికీ ముందుగా చెప్పరు కూడా.

నాకు బదిలీలు లేవు, కళరి అయిదు నిమిషాల నడక. అందుకే ఆగగలిగాను. రెండు మూడేళ్లకే ఊరు మారే ఉద్యోగమైతే, కత్తి ముట్టుకోకుండానే వెళ్లిపోవలసి రావచ్చు. అందుకు సిద్ధపడే చేరండి.