టిగ్ మిషన్ సంగతి తర్వాత, ముందు ఆ పెడల్ గురించి

మిషన్ ఎన్ని ఆంపులు, డ్యూటీ సైకిల్ ఎంత, బరువెంత అన్నవన్నీ డబ్బా మీదే రాసి ఉంటాయి. వాటి జోలికి పోను. టిగ్ అంటే, చేతిలోని టార్చ్ కొసన ఉన్న టంగ్‌స్టన్ మొనకూ లోహానికీ మధ్య కరెంటు మెరుపు (ఆర్క్) పుట్టించి, గాలి తగలకుండా ఆర్గాన్ గ్యాసు ఊదుతూ అతికే వెల్డింగ్. హైదరాబాద్ కుషాయిగూడలో మా ఇంటి కారు షెడ్డులో 200 ఆంపుల డీసీ టిగ్ ఇన్వర్టర్ మిషన్ పెట్టుకుని రెండు వేసవులు దాటాయి. వెల్డింగ్ అంటే ఓనమాలు రాని రోజుల్లో మొదలుపెట్టి ఇవాళ పల్చటి స్టీలు షీటుకు నీళ్లు కారని మూల వేయగలుగుతున్నానంటే, అందులో మిషన్ వాటా తక్కువ, తొక్కిన కొద్దీ ఆంపులు పెంచే, విడిగా కొన్న కాలి పెడల్ వాటా ఎక్కువ. మధ్యలో నన్ను ఏడిపించిందీ ఆ పెడలే. కాబట్టి నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మన దగ్గర పెడల్ వాడేవాళ్లు చాలా తక్కువ. బాలానగర్‌లో స్టీలు పనిచేసే షెడ్లలోకి తొంగిచూడండి. వెల్డరు గొంతుక్కూర్చుని, టార్చ్ మీది బటన్ బొటనవేలితో నొక్కుతూ, రైలింగ్ పైపులు చకచకా అంటించుకుంటూ పోతాడు. అలాంటి షెడ్డు వాళ్లకే నా పెడల్ ఫోటో చూపిస్తే "ఏంది సార్, బట్టలు కుడ్తున్నరా?" అని నవ్వారు. నిజానికి ఆ మాటలో తప్పేం లేదు. కుట్టు మిషన్ దగ్గర కాలు వేగం చూసుకుంటే చేతులు గుడ్డను చూసుకున్నట్టే, ఇక్కడ కాలు వేడిని చూసుకుంటుంది, కుడిచెయ్యి టార్చ్‌ను, ఎడమచెయ్యి అతుకులో కరిగించి కలిపే ఫిల్లర్ రాడ్డును చూసుకుంటాయి.

కొత్తవాళ్లకు ఇది ఎందుకంత పనికొస్తుందో చెప్తాను. మామూలు ఇనుముతో పోలిస్తే స్టెయిన్‌లెస్ స్టీలు వేడిని మూడో వంతు మాత్రమే పాకనిస్తుంది. పెట్టిన వేడి పెట్టినచోటే కూర్చుంటుంది. పైగా వేడికి సాగడం ఎక్కువ, అందుకే షీటు వంకర్లు పోతుంది. టార్చ్ బటన్‌తో చేస్తే ప్యానెల్ మీద పెట్టిన ఆంపులే మొదటి అంగుళానికీ, చివరి అంగుళానికీ. మొదటి అంగుళంలో లోహం చల్లగా ఉండి కరగనంటుంది. చివరికొచ్చేసరికి షీటంతా కాగిపోయి, అవే ఆంపులకు అంచు జారి కింద పడుతుంది. చెయ్యి తిరిగిన వెల్డరు దీన్ని వేగంతో సర్దేస్తాడు, చివర్లో చెయ్యి పరుగెత్తిస్తాడు. కొత్తవాడికి టంగ్‌స్టన్ మొనను, కరిగిన లోహపు మడుగుకు తగలకుండా నిలపడమే గగనం, ఇంకా వేగం సంగతి ఎక్కడ చూస్తాడు? కాలు కాస్త ఎత్తితే చాలు, మడుగు ఎంత వెడల్పుందో అంతే ఉంటుంది. నాకు మొదటిసారి చెయ్యి మారిపోయినట్టనిపించింది ఆ క్షణంలోనే.

లెక్క కూడా సులువే. స్టీలుకు మందం ఒక మిల్లీమీటరుకు దాదాపు 40 ఆంపులు అనుకోండి. 1.2 ఎం.ఎం. షీటుకు నలభై అయిదు అటూ ఇటూ. ప్యానెల్ మీద అంతకంటే కొంచెం ఎక్కువ పెడితే, మొదట్లో కాలు కిందిదాకా నొక్కి మడుగు కట్టించి, అది మెరిసి నిలవగానే వెనక్కి తగ్గించుకోవచ్చు. వేడి హద్దులో ఉందో లేదో అతుకు రంగే చెప్పేస్తుంది. లేత గడ్డి రంగు, బంగారు ఛాయ అయితే మంచిది. నీలం ఫరవాలేదు. బూడిద రంగు వచ్చి గరుకుగా ఉందంటే మాడిపోయినట్టే. పెడల్ వచ్చాక నా అతుకులు బూడిదలోంచి నీలానికీ, నీలంలోంచి గడ్డి రంగుకూ వచ్చాయి. అన్నీ కాదు, చాలావరకు.

మా వీధిలో జీవితమంతా వెల్డింగ్ చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు, కాకా అంటాను. నా తొలి అతుకులు వేలితో తడిమి చూసి, "అంటించుడు ఎవలకైన వస్తది బిడ్డా, ఆపుడు నేర్సుకో" అన్నారు. ఆర్క్‌ను ఒక్కసారిగా తెంపేస్తే మడుగు అంచుల నుంచి గడ్డకట్టి మధ్యలో చిన్న గుంట, గుంటలో సూదిమొనంత రంధ్రం మిగులుతుంది. కంటికి కనబడదు, నీళ్లు పోస్తే కనబడుతుంది. పెడల్ మీద పాదాన్ని కొద్దికొద్దిగా తేలిక చేస్తూ, మడుగు చిన్నదై చిన్నదై ఆరిపోయేదాకా ఆగితే ఆ గుంట పడదు. ఆరాక కూడా టార్చ్ అక్కడే ఉండాలి. ఆర్క్ పోయాక ఇంకా కొన్ని సెకన్లు ఆర్గాన్ వస్తుంది, పది ఆంపులకు ఒక సెకను చొప్పున పెట్టుకోమంటారు. వేడి చల్లారేదాకా అతుకునీ, టంగ్‌స్టన్‌నీ గాలి తగలకుండా కాచేది అదే.

మిగతా మిషన్ గురించి రెండు ముక్కలు. హైఫ్రీక్వెన్సీ స్టార్ట్ వల్ల టంగ్‌స్టన్ తాకించకుండానే ఆర్క్ అంటుకుంటుంది, అది హాయి. ఆర్క్ అంటించినప్పుడల్లా లోపల హాల్లో టీవీ బొమ్మ ముక్కలవుతుంది, అది ఇంట్లోవాళ్లకు హాయి కాదు. సీరియల్ టైములో వెల్డింగ్ లేదని మా ఇంట్లో ఒప్పందం. రాణీగంజ్ కొట్లలో టంగ్‌స్టన్ అడిగితే ఏ రకమో అడక్కుండానే ఎర్ర మొనది చేతిలో పెడతారు. అందులో థోరియం ఉంటుంది, కొద్దిపాటి రేడియోధార్మికత ఉన్నది. సాన పట్టేటప్పుడు ఆ పొడి ముక్కులోకి పోతుంది. బంగారు రంగుదో నీలం రంగుదో, లాంథనం కలిసినది అడగండి, పని ఏమాత్రం తగ్గదు. ఏడు ఘనమీటర్ల ఆర్గాన్ సిలిండర్ అంటే ఏడు వేల లీటర్లు. నిమిషానికి ఎనిమిది లీటర్ల చొప్పున పోనిచ్చినా పధ్నాలుగు గంటలు పైనే ఆర్క్ మీద గడపొచ్చు. ఇంటి పనికి అది బోలెడు కాలం వస్తుంది. మే నెలలో మాత్రం నరకం. ఫ్యాను వేస్తే ఆర్గాన్ తెర చెదిరి అతుకంతా బెజ్జాలు పడతాయి, కాబట్టి ఫ్యాను కట్టేసి, ఫుల్ చేతుల కాటన్ చొక్కా, గ్లోవ్స్, హెల్మెట్‌తో చెమటలు కక్కుతూ చేయాల్సిందే.

ఇక అసలు కథ. మా డెజర్ట్ కూలర్ అడుగు తొట్టి తుప్పుపట్టి కారుతుంటే, 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు 1.2 ఎం.ఎం. షీటుతో కొత్తది చేయడం మొదలుపెట్టాను. షీటు వంపించి తెచ్చుకున్నాక నాలుగు మూలల నిలువు అతుకులే పని. అంచులు సరిగ్గా ఆనితే వాటికి ఫిల్లరు కూడా అక్కర్లేదు, రెండు అంచులూ కలిసి కరిగి ఒకటవుతాయి. మూడు మూలలు చక్కగా వచ్చాయి. నాలుగోది సగం దాటింది, కాలు కదల్లేదు, ఆర్క్ మాత్రం ఒక్కసారి బుస్సుమంది. వెలుగు రెట్టింపయింది. నేను కాలు తీసేలోపే మూలలో అర అంగుళం మేర లోహం జారిపోయి నేల మీద పడింది.

గ్యాసా? ఎర్తింగ్ క్లాంపా? టంగ్‌స్టనా? అన్నీ మార్చి చూశాను. పాత ముక్కల మీద అతుకు వేస్తుంటే ఒకసారి బాగుంటుంది, ఇంకోసారి పెడల్ సగంలో ఉండగానే ఆంపులు ప్యానెల్ మీద పెట్టిన గరిష్ఠానికి ఎగిరిపోతాయి. పెడల్ ప్లగ్ పీకి టార్చ్ బటన్‌తో చేస్తే ఏ గొడవా లేదు. దొంగ దొరికాడు.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే పెడల్‌కు వారంటీ లేదు, లోపలి భాగాలు విడిగా రావు, మొత్తం కొత్తది తీసుకోవాలి అన్నారు. చెప్పిన ధర నాలుగు వేల పైచిలుకు. మిషన్ అమ్మేటప్పుడు పెడల్ గురించి అంత మురిపెంగా చెప్పిన మనిషే, ఇప్పుడు "అది యాక్సెసరీ సార్" అని తేల్చేశాడు. ఆ మాట మీద నాకింకా కోపం పోలేదు.

పెడల్ అడుగున నాలుగు స్క్రూలు విప్పితే లోపల ఏముందయ్యా అంటే, ఆర్క్ మొదలుపెట్టడానికి ఒక మైక్రో స్విచ్, తొక్కినప్పుడు కదిలే పళ్ల పట్టీ, ఆ పట్టీ తిప్పే చిన్న పళ్ల చక్రం, చక్రం బిగించిన ఒక పాట్. పాత రేడియోల్లో సౌండు పెంచి తగ్గించడానికి తిప్పే వాల్యూం కంట్రోలే అది. నాలుగు వేలు అడిగిన వస్తువుకు గుండెకాయ అదన్నమాట. పెడల్ అడుగున వెడల్పాటి సందు తెరిచే ఉంటుంది, రబ్బరు ముక్క కూడా అడ్డం లేదు. నేల మీద ఉండే వస్తువుకు, అదీ గ్రైండర్ తిరిగే చోట ఉండే వస్తువుకు, అడుగు తెరిచి పెట్టిన మహానుభావుడెవరో! పాట్ మీద నల్లటి ఇనుప పొడి పూతలా పేరుకుని ఉంది. మల్టీమీటరు పెట్టి పెడల్ మెల్లగా నొక్కితే అంకెలు వరసగా పెరుగుతూ పెరుగుతూ, సగం దగ్గర ఒక్కసారి కనెక్షన్ తెగిపోయి మళ్లీ వస్తున్నాయి. ఆ తెగిన క్షణంలో ఈ మిషన్ సున్నాకు పడిపోవాల్సింది పోయి గరిష్ఠానికి ఎగురుతుంది. పాట్ అరగడం సహజమే, ఎప్పుడో ఒకప్పుడు ఏ పాటైనా అరుగుతుంది. తెగితే కరెంటు పెంచెయ్యడం మాత్రం డిజైన్ చేసినవాళ్ల నిర్వాకం.

కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాను. పాట్ మీద ఉన్నది బి47కె, 47కె అంటే 47 వేల ఓమ్‌లు. మొదటి కొట్టాయన చేతికందింది ఇచ్చి పంపాడు. బిగించి చూస్తే వింత. సగం తొక్కేదాకా ఆంపులు కదలవు, సగం దాటగానే దూకేస్తాయి. విప్పి చూస్తే దాని మీద ఏ అని ఉంది. అది సౌండు కోసం చేసే లాగ్ రకం, మొదట్లో మెల్లగా పెరిగి చివర్లో ఒక్కసారి పైకి లేస్తుంది. బి అంటే లీనియర్, తిప్పిన కొద్దీ సమంగా పెరిగేది. మళ్లీ వెళ్తే పక్క కొట్టులో కుర్రాడు "ఏ హోనా క్యా, బీ హోనా భాయ్?" అని వాడే అడిగాడు. ప్రాణం లేచొచ్చింది. 47కె దొరక్కపోతే 50కె కూడా పనిచేస్తుందన్నాడు, అదే పెట్టాను, పనిచేస్తోంది. ఖర్చు యాభై రూపాయల లోపు. అడుగు సందుకు పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి అతికించాను, ఆ తర్వాత మళ్లీ విప్పే అవసరం రాలేదు. తొట్టి మూలకు పడిన బొక్కను వెనక రాగి పట్టీ ఆనించి, స్టెయిన్‌లెస్‌కు వాడే ఈఆర్ 308ఎల్ ఫిల్లర్ రాడ్డుతో పూడ్చాను. లోపలివైపు నల్లగా పొంగిన చోట గ్రైండ్ చేశాను. అందంగా లేదు, కారట్లేదు.

అప్పట్నుంచి ఒక అలవాటు. ప్యానెల్ మీద గరిష్ఠం అవసరానికి పది ఆంపులకు మించి ఎక్కువ పెట్టను. పెడల్ ఉంది కదా అని వంద పెట్టి వదిలేస్తే, అది మొరాయించిన రోజు వందా షీటు మీదే పడుతుంది.

పెడల్ మూలన పడి ఉన్న వారాల్లో ఇంకొకటి కూడా తెలిసింది. టార్చ్ బటన్‌తో చేసేటప్పుడు డౌన్‌స్లోప్ నాబ్ కొన్ని సెకన్లకు తిప్పితే, బటన్ వదిలాక కరెంటు దానంతటదే మెల్లగా తగ్గి ఆరిపోతుంది. అంటే ఆపడం గురించి పైన పెడల్‌కు వేసిన మార్కుల్లో సగం ఈ నాబ్‌కూ వేయాలి, అదీ మిషన్‌తో పాటు ఉచితంగా వచ్చేదే. మధ్యలో వేడి తగ్గించడం మాత్రం దానివల్ల కాదు, ఆ పని కాలిదే.

ఇంకో సంగతి, పెడల్‌కు బల్లా స్టూలూ కావాలి. కింద పీట వేసుకుని కూర్చుంటే దాన్ని ఎక్కడ పెడతాం? పెరట్లో మొక్కల స్టాండు అతికేటప్పుడూ, మేడ మెట్ల రైలింగ్ దగ్గరా ఒక్కసారి కూడా వాడలేకపోయాను. ఒంటికాలి మీద నిలబడి రెండోది పెడల్ మీద ఉంచితే చెయ్యి వణుకుతుంది. చెప్పులతో తొక్కితే కొలత తెలీదు, ఒట్టికాళ్లతో వెల్డింగ్ చేయకూడదు, పల్చటి అట్ట ఉన్న తోలు బూట్లే దిక్కు. బాలానగర్ వాళ్ల నవ్వు వెనక కారణం ఇదే కావచ్చు. వాళ్ల పని బల్ల దగ్గరికి రాదు, పని దగ్గరికే వాళ్లు పోవాలి.

కాబట్టి కొనమంటానా? నాలా ఉద్యోగం అయ్యాక సాయంత్రాలు, ఆదివారాలు, బల్ల దగ్గర కూర్చుని మూడు మిల్లీమీటర్లలోపు స్టీలుతో కుస్తీ పట్టేవాళ్లయితే, రెండో టార్చ్ కంటే, మంచి హెల్మెట్ తర్వాత వెంటనే ఇదే కొనండి. గేట్లు, గ్రిల్లులు, ఇనుప యాంగిళ్ల పనయితే టిగ్ మిషనే అక్కర్లేదు, మామూలు వెల్డింగ్ రాడ్డు చాలు. అల్యూమినియం మీద మోజు ఉంటే నా మాట లెక్కలోకి తీసుకోకండి, నాది డీసీ మిషన్. అల్యూమినియం 660 డిగ్రీలకు కరిగితే, దాని మీది ఆక్సైడ్ పొర 2000 డిగ్రీలు దాటినా కరగదు, ఆ పొరను చీల్చడానికి ఏసీ కావాలి. అక్కడ పెడల్ ఎలా ఉంటుందో వాడినవాళ్లు చెప్పాలి.

కొనేవాళ్లు వెళ్లేముందు మిషన్ ముందున్న సాకెట్లో పిన్నులెన్నో లెక్కపెట్టి ఫోటో తీసుకుని వెళ్లండి. చూడటానికి అన్ని పెడళ్లూ ఒకేలా ఉంటాయి కానీ ప్లగ్ ఒకదానిది ఇంకోదానికి ఎక్కదు, ఎక్కినా లోపల వైర్ల వరస వేరు కావచ్చు. డబ్బులిచ్చేముందు అడుగు తిప్పి ఆ సందు కూడా చూడండి.