చదివిందే చదవడమా, పుస్తకం మూసి రాయడమా, ప్రశ్న వేయడమా: ఏది మేలు?

ఇంటర్ పరీక్షలు దగ్గర పడితే కోనసీమలోనైనా, భీమవరం వైపైనా పిల్లలు చదివే తీరు ఒక్కటే. గైడు తెరవడం, ముఖ్యమైన జవాబుల కింద గీతలు గీయడం, నోరు నొప్పి పుట్టేదాకా చదవడం. మూడోసారికి వాక్యాలు వాటంతట అవే నోటికి వస్తాయి. ‘వచ్చేసింది’ అనుకుని పేజీ తిప్పేస్తారు. కళ్ల ముందున్న వాక్యాన్ని గుర్తుపట్టడం వేరు, పుస్తకం లేనప్పుడు దాన్ని తలలోంచి బయటికి తీయడం వేరు. పరీక్ష హాల్లో కావలసింది రెండోది.

దీని మీద అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉంది. కాలేజీ విద్యార్థుల చేత ఒక పాఠాన్ని రెండుసార్లు చదివించారు. ఇంకో పాఠాన్ని ఒక్కసారే చదివించి, తరువాత చూడకుండా గుర్తున్నదంతా రాయించారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే, రెండుసార్లు చదివిన పాఠం 81 శాతం, రాసిన పాఠం 75 శాతం గుర్తుంది. చదివినదే గెలిచింది. వారం గడిచాక అడిగితే లెక్క తిరగబడింది: చదివిన పాఠం 42, రాసిన పాఠం 56. ఇంకా విచిత్రం, తరువాతి ప్రయోగంలో ఎక్కువసార్లు చదివినవారే తమకు బాగా గుర్తుంటుందని ధీమాగా చెప్పారు. మన పిల్లల ‘వచ్చేసింది’ కూడా ఈ ధీమానే.

నిజానికి మన పెద్దలకు ఇది కొత్త కాదు. ఎక్కాలూ పద్యాలూ పంతులుగారికి అప్పజెప్పేటప్పుడు పుస్తకం పంతులుగారి చేతిలో ఉండేది, పిల్లవాడు చేతులు కట్టుకుని నిలబడేవాడు. దాన్ని బట్టీ అని ఇప్పుడు చిన్నచూపు చూస్తున్నాం గానీ, చూడకుండా చెప్పించడమనే సగం మాత్రం అసలైన చదువే. ఎక్కాలకూ, వేలెన్సీలకూ, త్రికోణమితి సూత్రాలకూ నేటికీ అంతకు మించిన దారి లేదు. వ్యాసరూప జవాబును కూడా అలాగే మింగితేనే చిక్కు. మధ్యలో ఒక్క మాట జారితే మిగతాదంతా ఆగిపోతుంది.

మన ఊళ్ల పిల్లలకు బాగా తెలిసిన ధవళేశ్వరం ఆనకట్ట పాఠాన్నే తీసుకుందాం. చదివి, పుస్తకం మూసి, తెల్లకాగితం మీద రాయమనండి. ఆర్థర్ కాటన్, 1847లో మొదలు, 1852లో పూర్తి అని చకచకా రాస్తారు. తరువాత కలం ఆగుతుంది. అంత పొడవైన నదిలో ధవళేశ్వరమే ఎందుకు? ఆ ఖాళీ చూశాక పుస్తకం మళ్లీ తెరిస్తే కళ్లు వాటంతటవే ఆ జవాబును వెతుక్కుంటాయి. పాపికొండలు దాటిన గోదావరి ఇక్కడ విశాలమై, లంకల మధ్య పాయలుగా చీలుతుంది. అందుకే ఆనకట్టను ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. డెల్టా తల భాగం ఇదే, ఇక్కడి నుంచి నేల సముద్రం వైపు వాలుతుంది. నీటిని కాస్త ఎత్తితే చాలు, కాలువల్లో తనంతట తాను పారుతుంది. ఇది అర్థమైన పిల్లవాడు సంవత్సరం మరిచిపోయినా జవాబు రాయగలడు.

మూడో పద్ధతి ప్రశ్నించడం. ‘ఆనకట్ట వచ్చింది, డెల్టాలో కరువు పోయింది’ అనే వాక్యాన్ని చూడకుండా రాసేసినంత మాత్రాన అది నిజమో కాదో ఆలోచించినట్టు కాదు. అంతకుముందు 1833 కరువు, 1839లో కోరంగిని ముంచిన తుఫాను ఈ ప్రాంతాన్ని దెబ్బతీశాయి. అలాంటప్పుడు తరువాత ఈ ప్రాంతం కోలుకోవడం ఎంతవరకు నీటి వల్ల, ఎంతవరకు కాలువల్లో పడవలు నడిచి ధాన్యం బయటికి వెళ్లడం వల్ల? ప్రభుత్వానికి శిస్తు ఎక్కువ వచ్చిందంటే పంట పెరిగినట్టేనా, పన్ను రేటు పెరిగిందా? కాలువ చివరి పొలానికీ తలకట్టు పొలానికీ ఒకేలా మేలు జరిగిందా? శివారు భూములకు నీరందక గొడవపడే రైతు ఇంట్లో పుట్టిన పిల్లకు ఈ చివరి ప్రశ్న ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ తరగతిలో అడిగితే ‘సిలబస్‌లో లేదు, కూర్చో’ అంటారు. నాకు ఒళ్లు మండే మాట అది.

అయితే ఈ పద్ధతి గంటలకు గంటలు తింటుంది. ప్రతి పాఠానికీ పనికిరాదు, ఒంటరిగా అంతకన్నా సాగదు. మన మాట ఒప్పుకోని స్నేహితుడు ఎదురుగా ఉండాలి. నలుగురు కూడి చదువుతామని కూర్చుని నలుగురూ ఒకే గైడు చదివితే అది మొదటి పద్ధతే. ఇంకా ఎంసెట్ అనే పిలుచుకుంటున్న ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలకు జవాబు గుర్తించాలి. అక్కడ కాటన్ శిస్తు లెక్కలు ఆలోచిస్తూ కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు.

కాబట్టి నా తీర్పు సమానంగా ఉండదు. తెల్లవారితే పరీక్ష అయితే మళ్లీ చదువుకోండి, అయిదు నిమిషాల లెక్కలో దానిదే పైచేయి. నెలో రెండు నెలలో ఉంటే మాత్రం సగానికి పైగా సమయం పుస్తకం మూసి రాయడానికే ఇవ్వండి, అదీ ఒకే రోజు కాకుండా. సోమవారం చదివినది గురువారం చూడకుండా రాయాలి, పై వారం మళ్లీ రాయాలి. పది అధ్యయన పద్ధతులను 2013లో బేరీజు వేసిన జాన్ డన్‌లాస్కీ బృందం కూడా తనను తాను పరీక్షించుకోవడానికీ, రోజుల మధ్య ఎడం ఇచ్చి చదవడానికీ పెద్దపీట వేసింది. గీతలు గీయడాన్ని, ఊరికే తిరగేయడాన్ని అడుగున పెట్టింది. రంగురంగుల హైలైటర్లు కొనిచ్చే నాన్నలకు ఇది రుచించకపోవచ్చు.

ప్రశ్నించడానికి వారానికి ఒక పాఠం చాలు. ఆదివారం సాయంత్రం వాదించే స్నేహితుణ్ణి పిలిచి, ఆ పాఠంలో అందరూ ఒప్పుకునే వాక్యం ఒకటి ఎంచుకుని, ఒకరు అవునని, ఒకరు కాదని పట్టుబట్టండి. అరగంట తరువాత పక్షాలు మార్చుకోండి.